సాయుధ ఘర్షణల డేటాతో స్టాటిస్టిక్స్ ప్రాజెక్ట్: లాగ్ గ్రాఫ్‌లో సరళరేఖ వచ్చింది, దీన్నిబట్టి ఏం చెప్పొచ్చు?

సిగ్మా_శ్రీను

నమస్తే అందరికీ. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్ చదువుతున్నా. ప్రాజెక్ట్‌కి మా బ్యాచ్‌లో ఎక్కువమంది క్రికెట్, షేర్ మార్కెట్ తీసుకున్నారు, నేను సాయుధ ఘర్షణల డేటా తీసుకున్నా. మాది చింతూరు వైపు, చిన్నప్పట్నుంచి ఎన్‌కౌంటర్, మందుపాతర, బంద్ పిలుపు ఈ మాటలు వింటూనే పెరిగాం కాబట్టి దీని మీద ఏదైనా గట్టిగా చెయ్యాలని ఎప్పట్నుంచో ఉంది.

స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీ వాళ్ళు యూసీడీపీ అని ఒక డేటాసెట్ పెట్టారు, ఎవరైనా ఫ్రీగా దింపుకోవచ్చు. 1989 నుంచి ఒక్కో హింసాత్మక ఘటనకి ఒక్కో రో, తేదీ, ఊరు, అక్షాంశం రేఖాంశం, ఎవరు ఎవరితో తలపడ్డారు, ఎంతమంది పోయారు అన్నీ ఉంటాయి. అందులోంచి మన దేశంలో మావోయిస్టు ఘటనలు విడదీసి, చనిపోయినవాళ్ళ సంఖ్య ఒక అక్షం మీద, కనీసం అంతమంది పోయిన ఘటనలు ఎన్ని అనేది రెండో అక్షం మీద పెట్టి, రెండిటికీ లాగ్ తీసి గ్రాఫ్ గీస్తే దాదాపు సరళరేఖ వచ్చింది. నేచర్ పత్రికలో 2009లో ఒక పేపర్ వచ్చింది కదా, తొమ్మిది తిరుగుబాట్లలో 54,679 ఘటనలు తీసుకుని అన్నిట్లోనూ ఇదే పవర్ లా (పరిమాణం పెరిగేకొద్దీ ఘటనల సంఖ్య ఒక స్థిరమైన ఘాతం ప్రకారం తగ్గే సూత్రం) ఉంది, ఘాతం 2.5 చుట్టూ తిరుగుతుంది అన్నారు, అది చదివాక నా గ్రాఫ్ చూసుకుంటే ఒళ్ళు ఝల్లుమంది.

నా డౌట్లు: ఈ రేఖ చూపించి పవర్ లా అని రాసెయ్యొచ్చా? దీంతో ముందు ముందు ఏం జరుగుతుందో అంచనా వెయ్యొచ్చా? మ్యాప్ మీద జిల్లాలవారీగా హాట్‌స్పాట్లు చూపిద్దామనుకుంటున్నా, అది కరెక్టేనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

లెక్కల_మాస్టారు

బాబూ శ్రీను, మంచి టాపిక్ పట్టుకున్నావు. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి ప్రాబబిలిటీ చెప్పినవాణ్ణి, ఇలాంటి ప్రశ్న క్లాసులో ఎవరైనా అడిగితే బావుండునని అనుకునేవాణ్ణి.

ముందు ఈ పని ఎక్కడ మొదలైందో తెలుసుకో. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అని ఇంగ్లండ్‌లో ఒక వాతావరణ శాస్త్రవేత్త ఉండేవాడు, సమీకరణాలు సాధించి వాతావరణం ముందే చెప్పొచ్చు అని మొదట చేతిలెక్కలతో ప్రయత్నించింది ఆయనే. ఆయన క్వేకర్, అంటే ఆయుధం పట్టరు, అందుకే మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపాడు. 1920లో ఆయన పనిచేసే వాతావరణ శాఖని తీసుకెళ్ళి వైమానిక మంత్రిత్వ శాఖ కింద పెడితే ఉద్యోగం వదిలేశాడు. తర్వాత యుద్ధాలన్నిటినీ లెక్కగట్టే పని పెట్టుకున్నాడు, 1820 తర్వాత జరిగినవన్నీ. భూకంపాలకి కొలమానం ఉన్నట్టే యుద్ధానికీ పెట్టాడు, చనిపోయినవాళ్ళ సంఖ్యకి లాగరిథమ్ తీస్తే అదే దాని పరిమాణం, వెయ్యిమంది పోతే 3, లక్షమంది పోతే 5, కోటి అయితే 7. ఆ 7 స్థాయికి వెళ్ళినవి రెండు ప్రపంచయుద్ధాలే. 6 స్థాయిలో ఆయన పెట్టిన కొద్ది వాటిలో 1946-48 మధ్య మన ఉపఖండంలో జరిగిన మతకల్లోలాలు కూడా ఉన్నాయి, అది చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. ఆయన 1953లో పోయాడు, పుస్తకం 1960లో వచ్చింది.

ఆయన తేల్చినవి రెండు. యుద్ధాలు ఎప్పుడు మొదలవుతాయి అనేది చూస్తే పాయిజాన్ లెక్కకి సరిపోయింది, అంటే ఏటా కొత్త యుద్ధం పుట్టే అవకాశం ఇంచుమించు ఒకేలా ఉంటుంది, ఇప్పుడు శాంతిగా ఉంది కాబట్టి రేపూ ఉంటుంది అని గానీ, చాలాకాలంగా జరగలేదు కాబట్టి ఇప్పుడు వచ్చి తీరుతుంది అని గానీ చెప్పలేం. రెండోది, చిన్నవి చాలా, పెద్దవి బహు తక్కువ, కానీ ఆ తక్కువలోనే మొత్తం చావుల్లో సగానికిపైగా ఉన్నాయి, ఆ రెండు ప్రపంచయుద్ధాల్లోనే. నీ సరళరేఖ ఈ రెండోదానికి చుట్టం.

ఇక నీ డౌటు. లాగ్-లాగ్ గ్రాఫ్ మీద కంటికి సరళరేఖలా కనబడితే పవర్ లా అని రాసెయ్యకు. లాగ్‌నార్మల్ (విలువలకి లాగ్ తీస్తే గంట ఆకారం వచ్చే పంపిణీ) కూడా చాలా దూరం అలాగే కనిపిస్తుంది. ఆ గ్రాఫ్ మీద లీస్ట్ స్క్వేర్స్‌తో గీత లాగి వాలు చెప్పడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే కుడిచివర ఉన్నవి నాలుగైదు చుక్కలే, అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి కూడా. క్లాసెట్, షాలిజీ, న్యూమన్ అని ముగ్గురు 2009లో దీనికి ఒక పద్ధతి రాశారు, ఎక్కణ్ణుంచి పవర్ లా మొదలవుతుందో ఆ కనిష్ఠ విలువ డేటా నుంచే పట్టుకోవాలి, ఘాతం మాగ్జిమమ్ లైక్లీహుడ్‌తో, అంటే మన డేటా రావడానికి ఎక్కువ అవకాశం ఇచ్చే విలువ ఏదో చూసి లెక్కించాలి, తర్వాత లాగ్‌నార్మల్ లాంటి వాటితో పోటీ పెట్టి ఏది మెరుగో చూడాలి. పైథాన్‌లో దీనికి రెడీగా ప్యాకేజీ ఉందని మా అబ్బాయి చెప్పాడు.

ఇంకోటి, ఘాతం విలువ ఊరికే ఒక అంకె అనుకోకు. 2.5 అంటే సగటు ఉంటుంది గానీ వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) నిలవదు, డేటా పెరిగేకొద్దీ పెరుగుతూనే పోతుంది. 2 కంటే తక్కువైతే సగటే నిలవదు. దేశాల మధ్య జరిగిన పెద్ద యుద్ధాలకి అది 1.5 దగ్గర ఉంది. అందుకని ఒక ఘటనకి సగటున ఇంతమంది అని నువ్వు రాసే వాక్యానికి ఎంత బలం ఉందో ముందు చూసుకో, 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లో తాడిమెట్ల దగ్గర మావోయిస్టు దాడిలో 76 మంది పోయారు, అలాంటి ఒక్క రో తీసేస్తే నీ సగటు ఎంత కదులుతుందో నువ్వే లెక్కేసి చూడు.

అంచనా గురించి: ఎంత పెద్దది ఎంత అరుదుగా రావచ్చు అన్నది చెప్పొచ్చు, ఎప్పుడు ఎక్కడ అన్నది ఈ రేఖ చెప్పదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద యుద్ధాలు తగ్గిపోయాయి కాబట్టి మనిషి మారాడు అనే వాదన ఉంది కదా, క్లాసెట్ 1823 నుంచి 2003 దాకా దేశాల మధ్య జరిగిన 95 యుద్ధాలు తీసుకుని 2018లో లెక్కగట్టాడు, ఈ ప్రశాంతత ఇంకో 100 నుంచి 140 ఏళ్ళు ఇలాగే ఉంటే తప్ప ఇది నిజమైన మార్పు అని స్టాటిస్టిక్స్ ప్రకారం అనలేం అన్నాడు. డెబ్భై ఎనభై ఏళ్ళ ప్రశాంతత కూడా చాలదన్నమాట.

డెస్క్_నైట్‌షిఫ్ట్

మాస్టారూ బాగా చెప్పారు. శ్రీను తమ్ముడూ, నేను లెక్కలవాణ్ణి కాదు, ఖమ్మం వైపు ఒక తెలుగు పేపర్‌లో చాలా ఏళ్ళు సబ్‌ఎడిటర్‌గా చేశా, నువ్వు దింపుకున్న డేటాలో ఆ రోలు ఎక్కణ్ణుంచి వస్తాయో ఆ చివర్నుంచి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

నువ్వు రోకి ఘటన అని పేరు పెట్టావు. అది ఘటన గురించి వచ్చిన వార్త. ఈ రెండిటి మధ్య ఎంత జరుగుతుందో చూడు. లోపలి గూడెంలో రాత్రి ఇన్‌ఫార్మర్ అని ఒకర్ని చంపారనుకో, మండల విలేకరికి పొద్దున తెలుస్తుంది, ఒక్కోసారి రెండ్రోజులకి తెలుస్తుంది, వానాకాలం వాగు పొంగితే ఇంకా ఆలస్యం, తెలిసినా స్టేషన్ నుంచి ధ్రువీకరణ రావాలి, అటువైపు వాళ్ళ లేఖ రావాలి, అప్పుడు జిల్లా టాబ్లాయిడ్‌లో సింగిల్ కాలమ్ పడుతుంది. మెయిన్ ఎడిషన్‌కి ఎక్కదు. మెయిన్‌కి ఎక్కనిది హైదరాబాద్ ఇంగ్లీష్ పేపర్లకి వెళ్ళదు, అక్కడికి వెళ్ళనిది న్యూస్ ఏజెన్సీ వార్తగా మారదు, న్యూస్ ఏజెన్సీ వార్త కానిది విదేశాల్లో కూర్చుని వార్తల్ని డేటా రోలుగా మార్చేవాళ్ళ కంట పడటం చాలా కష్టం. అదే పదిమంది జవాన్లు పోతే గంటలో ప్రపంచమంతా తెలుస్తుంది. అంటే నీ గ్రాఫ్‌లో కుడిపక్క ఇంచుమించు అన్నీ ఉంటాయి, ఎడమపక్క ఒకరిద్దరు పోయినవి సగం రాలిపోయి ఉండొచ్చు, మరి నీ రేఖ వాలు దేన్ని చెప్తోంది, హింసనా, మా వార్తలు ఎక్కడిదాకా వెళ్ళాయనా?

సంఖ్య కూడా కదులుతూ ఉంటుంది. మొదటిరోజు ఆరుగురు అంటారు, మర్నాడు అడవిలో ఇంకో రెండు మృతదేహాలు దొరుకుతాయి, మూడోరోజు హక్కుల సంఘం వాళ్ళు వెళ్ళొచ్చి వీళ్ళలో ముగ్గురు ఊరివాళ్ళే దళం కాదు అంటారు. డేటాలో సాయుధుడు, పౌరుడు అని వేర్వేరు కాలమ్స్ ఉంటాయి కదా, ఆ చనిపోయినవాడు ఏ కాలమ్‌లోకి వెళ్ళాడో అది చాలాసార్లు మొదటిరోజు ఎవరి ప్రకటన వచ్చిందో దాన్నిబట్టే తేలిపోతుంది, తర్వాత దిద్దుబాటు వార్త చిన్నగా లోపలి పేజీలో పడితే దాన్ని ఎవరు చూస్తారు? ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. నువ్వు ఈ కాలమ్ మీద ఏ టెస్ట్ పెట్టినా పక్కన ఈ మాట తప్పకుండా రాయి.

ప్రవల్లిక_డేటా

డెస్క్ అన్నగారు చెప్పిందాన్నే పట్టుకుని ముందుకెళ్తా. నేను యూరప్‌లో మానవతా సాయానికి సంబంధించిన డేటా పనిలో ఉన్నా. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పేది ఇదే, సున్నా కనబడితే అక్కడ ఏమీ జరగలేదు అనుకోవద్దు, అక్కడ రాసేవాళ్ళు లేకపోయి ఉండొచ్చు.

మరి రాయనివాటిని లెక్కపెట్టడం ఎలా? దీనికి ఒక పద్ధతి ఉంది, చెరువులో చేపల్ని లెక్కపెట్టేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. వల వేసి పట్టిన చేపలకి గుర్తు పెట్టి వదిలేస్తారు, మళ్ళీ ఇంకోరోజు వల వేస్తారు, రెండోసారి పడ్డవాటిలో గుర్తున్నవి ఎన్నో చూస్తే మొత్తం చెరువులో ఎన్ని ఉన్నాయో అంచనా వస్తుంది. మృతుల విషయంలో వల బదులు జాబితా. ఊరికే ఉదాహరణకి, ఒక చర్చి దగ్గర 200 పేర్లున్నాయి, ఒక హక్కుల సంఘం దగ్గర 150 ఉన్నాయి, రెండిట్లోనూ ఉన్నవాళ్ళు 60 మంది అనుకుందాం. 200ని 150తో గుణించి 60తో భాగిస్తే 500. చేతిలో ఉన్న పేర్లు 290, అంటే ఎవరూ రాసుకోనివాళ్ళు ఇంకో 210 మంది ఉండొచ్చు. ఉమ్మడి పేర్లు తక్కువయ్యేకొద్దీ బయట మిగిలినవాళ్ళు ఎక్కువ అని అర్థం.

పెరూలో ఇదే చేశారు. 1980 నుంచి 2000 దాకా అక్కడ షైనింగ్ పాత్ అనే మావోయిస్టు పార్టీకీ ప్రభుత్వానికీ మధ్య యుద్ధం నడిచింది, సుమారు పాతికవేలమంది పోయి ఉంటారని అప్పట్లో అనుకునేవాళ్ళు. సత్య శోధన కమిషన్ 2003లో రిపోర్ట్ ఇచ్చింది, పేర్లతో దొరికినవాళ్ళు దాదాపు 24,000, కానీ జాబితాలన్నీ పోల్చి ప్యాట్రిక్ బాల్ అనే స్టాటిస్టీషియన్ బృందం వేసిన అంచనా 69,280, కిందిహద్దు 61,000 పైహద్దు 77,500. పోయినవాళ్ళలో నాలుగింట మూడొంతులు క్వెచువా లాంటి స్థానిక భాషలు మాట్లాడే కొండప్రాంతపు పేదలు. రాజధాని లిమాలో ఉన్నవాళ్ళకి ఇన్నేళ్ళూ ఇది తెలియకపోవడానికి కారణం కూడా ఆ లెక్కలోనే ఉంది కదండీ, పోయినవాళ్ళ భాష పేపర్లు మాట్లాడే భాష కాదు.

అయితే ఇదేదో తిరుగులేని పద్ధతి అనుకోవద్దు. షైనింగ్ పాత్ చంపినవాళ్ళ పేర్లు ఎక్కువగా కమిషన్ సొంతంగా తీసుకున్న వాంగ్మూలాల్లోనే ఉన్నాయి, మిగతా జాబితాలు ప్రభుత్వం చేసినవాటి మీదే పెట్టినవి కాబట్టి అక్కడ ఉమ్మడి పేర్లు చాలా తక్కువ, అందుకని పరోక్షంగా లెక్కగట్టాల్సి వచ్చింది. సిల్వియో రెండోన్ అనే ఆర్థికవేత్త 2019లో అదే డేటా తీసుకుని మొత్తం 48,000 చుట్టూ ఉంటుంది, అందులో ప్రభుత్వ వాటానే ఎక్కువ అన్నాడు, బాల్ వాళ్ళు దానికి గట్టి జవాబు రాశారు. ఒకే డేటా, పెద్ద స్టాటిస్టీషియన్లు, ఎవరు ఎక్కువ చంపారన్న దాని మీదే తేడా.

ఇంకో పెద్ద తేడా ఇరాక్‌ది. 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఇంటింటి సర్వే ప్రకారం యుద్ధం వల్ల అదనంగా పోయినవాళ్ళు 6,54,965, అందులో హింస వల్ల పోయినవాళ్ళే 6 లక్షల పైన. ఇంచుమించు అదే కాలానికి ఇరాక్ ప్రభుత్వం, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి చేసిన ఇంకా పెద్ద సర్వే హింస వల్ల 1,51,000 అంది. లాన్సెట్ సర్వేకి తీసుకున్నవి 47 క్లస్టర్లు (పక్కపక్క ఇళ్ళ గుంపులు), ఇళ్ళు ఎంచుకున్న పద్ధతి వల్ల మెయిన్ రోడ్ల దగ్గరవి ఎక్కువ పడ్డాయేమో, బాంబులు పేలేది అక్కడే కదా అని విమర్శ వచ్చింది. ఏ ఇంటి తలుపు కొట్టారన్నది లక్షల తేడా తేవచ్చు.

నీలాంబరి

అందరూ చాలా చదివి రాస్తున్నారు, గౌరవం ఉంది. కానీ నాకొకటి అడగాలనిపిస్తోంది. మా బాబాయి ఇలాంటి ఘటనలోనే పోయారు, ఏ వైపు అన్నది ఇక్కడ చెప్పను. ఘాతం 2.5 ఉందా 2.3 ఉందా అన్నది ఎవరికి పనికొస్తుంది? ఇన్ని లెక్కలు కట్టాక ఎవరికైనా న్యాయం జరిగిందా? కోపంగా అడగట్లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ప్రవల్లిక_డేటా

నీలాంబరి గారూ, మీరు అడగాల్సిందే అడిగారు. నాకు తెలిసినవి రెండు చెప్తా.

గ్వాటెమాలాలో రియోస్ మాంట్ అనే సైనిక పాలకుడి మీద 2013లో జాతిహత్య కేసు నడిచింది. ఇషిల్ అనే ఆదివాసీ ప్రాంతంలో 1982 ఏప్రిల్ నుంచి 1983 జులై దాకా సైన్యం చేతిలో ఆదివాసుల్లో 5.5 శాతం మంది పోయారు, అదే ప్రాంతంలో ఆదివాసులు కానివాళ్ళలో 0.7 శాతం, అంటే ఆదివాసీ అయితే చావు ముప్పు ఎనిమిది రెట్లు అని బాల్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. యుద్ధంలో మధ్యలో పడి అన్ని రకాలవాళ్ళూ పోయారు అనే వాదన ఈ లెక్క ముందు నిలబడటం కష్టం. కోర్టు దోషి అంది, పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పు కొట్టేసింది, అది వేరే సంగతి, కానీ బతికి బయటపడ్డవాళ్ళు చెప్పిన మాటలకి పక్కన ఆ లెక్క కూడా కోర్టు రికార్డులో ఉంది.

రెండోది బోస్నియా. 1992-95 యుద్ధంలో రెండు లక్షలు, రెండున్నర లక్షలు పోయారని నాయకులు అంటూ వచ్చారు, అవతలివాళ్ళు అదంతా కట్టుకథ అనేవాళ్ళు. సరయేవోలో మిర్సాద్ తొకాచా అనే ఆయన బృందం ఊరూరా తిరిగి ఒక్కో మనిషి పేరు, ఎక్కడ పుట్టారు, ఎక్కడ ఎలా పోయారు అన్నీ సేకరించి 2007లో 97,207 మంది పేర్లతో డేటాబేస్ బయటపెట్టారు. అనుకున్నదానికి సగం కూడా లేదని సొంతవాళ్ళే ఆయన్ని తిట్టారు. కానీ పేరు ఉంటే కాదనడం ఎవరివల్లా కాదు. మీ బాబాయి గారి లాంటివాళ్ళు అంకెల్లో కలిసిపోకుండా పేరుతో మిగలాలంటే ఎవరో ఒకరు ఇలా ఓపిగ్గా రాసిపెట్టాల్సిందేనండీ.

నీలాంబరి

అర్థమైంది అండీ, థాంక్యూ. పేర్ల గురించి చెప్పింది మనసుకి పట్టింది.

కొత్తగూడెం_కుర్రోడు

శ్రీను బ్రో, జిల్లాలవారీ మ్యాప్ అన్నావు చూడు, దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను చెప్తా, పీహెచ్‌డీలో ఈ గోతులన్నీ దాటుకుంటూ వస్తున్నా.

ఫస్ట్, మీ చింతూరే తీసుకో. 2014 దాకా ఖమ్మం జిల్లా, పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిపాక తూర్పుగోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లా మారిపోయింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, తర్వాత 33. అవతల ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ నుంచి 2007లో బీజాపూర్, 2012లో సుక్మా విడిపోయాయి. మాస్టారు చెప్పిన తాడిమెట్ల అప్పుడు దంతెవాడ జిల్లా, ఇప్పుడు సుక్మా. ఇవేవీ సరిచెయ్యకుండా జిల్లా పేరుతో గ్రూప్ చేసి గ్రాఫ్ గీస్తే దంతెవాడలో హింస 2012లో ఒక్కసారిగా పడిపోయింది, సర్కారు ఘనవిజయం అని వస్తుంది! 2001 లేదా 2011 సెన్సస్ హద్దులు ఒకటి ఖాయం చేసుకుని అన్నిటినీ అందులోకి మార్చుకో.

తర్వాత ఆ డేటాలో స్థలం ఎంత కచ్చితంగా తెలుసు అని ఒక కాలమ్ ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. ఊరు తెలియనప్పుడు జిల్లాకి ఒక ప్రతినిధి చుక్క పెట్టేస్తారు. అవి వడపోయకుండా హీట్‌మ్యాప్ వేస్తే అడవిలో జరిగినవన్నీ ఆ ఒక్క చుక్క మీద కుప్పపడి అక్కడే రక్తం పారుతున్నట్టు కనిపిస్తుంది.

మూడు, సంస్థ పేరు. సీపీఐ మావోయిస్టు అని ఫిల్టర్ పెట్టావా? ఆ పార్టీ పుట్టిందే 2004 సెప్టెంబర్‌లో, పీపుల్స్‌వార్, ఎంసీసీ (మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్) కలిసి. అంతకుముందువి ఆ పాత పేర్ల కింద ఉంటాయి, నువ్వు వాటిని తీసుకోకపోతే తొంభైల్లో కరీంనగర్, వరంగల్, నల్లమల అంతా ప్రశాంతంగా ఉన్నట్టు వస్తుంది, మన నాన్నల తరం ఎవర్నైనా అడుగు ఎలా ఉండేదో.

ఎక్కడ జరిగింది, ఎవరు పోయారు అనేవి కూడా కలపొద్దు. 2008 జూన్‌లో బలిమెల రిజర్వాయర్‌లో పడవ మీద దాడి ఒడిశాలో జరిగింది, పోయినవాళ్ళు ఎక్కువగా ఆంధ్రా గ్రేహౌండ్స్ (మావోయిస్టుల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు దళం) వాళ్ళు. రాష్ట్రాలవారీ లెక్కలో అది ఒడిశా ఖాతా.

ఇన్ని చెప్పి భయపెట్టాననుకోకు, వీటన్నిటినీ దాటి మంచి పని చేసినవాళ్ళు ఉన్నారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది కదా, మొదట 200 జిల్లాలు, 2007లో ఇంకో 130, 2008లో మిగతావన్నీ. ఒకేసారి కాకుండా విడతలుగా వచ్చింది కాబట్టి ముందు వచ్చిన జిల్లాల్నీ తర్వాత వచ్చినవాటినీ పోల్చి పథకం వల్ల హింస తగ్గిందా అని చూడొచ్చు. ఆదిత్య దాస్‌గుప్తా, కిశోర్ గవాండే, దేవేశ్ కపూర్ 2017లో వేసిన పేపర్‌లో తగ్గింది అని వచ్చింది, అదీ పథకాన్ని సరిగ్గా అమలు చెయ్యగల పాలన ఉన్న రాష్ట్రాల్లోనే. నాకు అన్నిటికంటే నచ్చింది ఏంటంటే వాళ్ళు స్థానిక భాషల పేపర్లు తిరగేసి డేటా కట్టారు, డెస్క్ అన్న చెప్పిన ఆ సింగిల్ కాలమ్ వార్తలు. అదే ఏడాది గౌరవ్ ఖన్నా, లారా జిమర్మన్ వేరే డేటాతో వేరే పద్ధతిలో చూస్తే పథకం వచ్చిన కొత్తలో హింస పెరిగింది అని వచ్చింది, జనం ప్రభుత్వానికి సమాచారం ఇవ్వడం మొదలుపెట్టాక పోలీసుల కదలిక, దానికి ప్రతీకారం రెండూ పెరిగాయని వాళ్ళ వివరణ. ఒకరు దీర్ఘకాలం చూశారు ఇంకొకరు కొత్తలో చూశారు కాబట్టి రెండూ నిజమే కావొచ్చు.

అయినా నాకు ఒక అనుమానం మిగిలే ఉంది. మన రాష్ట్రంలో 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి, 2005 మొదట్లో విఫలమయ్యాయి, ఆ వెంటనే గ్రేహౌండ్స్ ఆపరేషన్లు తీవ్రమై దళాలు నల్లమల వదిలి అటు దండకారణ్యం వైపు జరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే 2006లో పథకం వచ్చింది. ఈ రెండిటినీ విడదీయడం చాలా కష్టం బ్రో, పైగా ఆ 200 జిల్లాల్ని లాటరీ తీసి ఎంచలేదు, వెనకబాటుతనం చూసి ఎంచారు.

సిగ్మా_శ్రీను

అందరికీ చాలా చాలా థాంక్స్. మా సార్‌తో మాట్లాడా. మొత్తం దేశం వదిలేసి ఒక చిన్న ప్రశ్న పెట్టుకుంటున్నా: చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, అవతల కోంట, ఈ ముక్కలో కొన్నేళ్ళకి తెలుగు పేపర్ల జిల్లా పేజీల నుంచి నేనే ఒక జాబితా కడతా, దాన్ని యూసీడీపీతో మ్యాచ్ చేస్తా. ఒకరిద్దరు పోయిన ఘటనల్లో ఎన్ని అక్కడ లేవో, పెద్దవాటిలో ఎన్ని లేవో తేలుతుంది. తర్వాత ఆ చిన్నవి కలిపితే ఘాతం ఎంత మారుతుందో చూస్తా. ప్రవల్లిక అక్కా, ఈ రెండు జాబితాలతో మీరు చెప్పిన చేపల లెక్క కూడా వెయ్యొచ్చా?

ప్రవల్లిక_డేటా

వెయ్యొచ్చు గానీ జాగ్రత్త శ్రీనూ. ఆ లెక్కకి రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారవ్వాలి. నీ రెండూ చివరికి పేపర్ వార్తల మీదే ఆధారపడ్డాయి, పేపర్‌కి చేరిన ఘటన రెండిట్లోనూ ఉంటుంది, చేరనిది రెండిట్లోనూ ఉండదు, కాబట్టి ఉమ్మడి సంఖ్య ఎక్కువగా వచ్చి మొత్తం అంచనా తక్కువ వస్తుంది. అందుకని వచ్చినదాన్ని కనీసం ఇంత అని మాత్రమే రాయి. వేరే దారిలో వచ్చిన మూడో జాబితా, హక్కుల సంఘాల నిజనిర్ధారణ రిపోర్టులు గానీ ఎఫ్ఐఆర్‌లు గానీ దొరికితే చాలా బలం వస్తుంది. ఒక్క మనవి, నీ జాబితాలో పేర్లు ఉంటాయి, అందులో కొందరి కుటుంబాలు ఇంకా అక్కడే బతుకుతున్నాయి, ఇన్‌ఫార్మర్ అనో సానుభూతిపరుడనో ముద్ర ఉన్న పేరు బయటికి వస్తే వాళ్ళకే ముప్పు. పేర్లు మ్యాచింగ్‌కి మాత్రం వాడి ఫైల్ లాక్ చేసి పెట్టుకో, రిపోర్ట్‌లో ఎక్కడా రానివ్వకు.

డెస్క్_నైట్‌షిఫ్ట్

జిల్లా పేజీలు ఆన్‌లైన్‌లో పాతవి దొరకవు తమ్ముడూ, కొన్ని గ్రంథాలయాల్లో బైండు చేసి ఉంచుతారు, ముందు వెళ్ళి కనుక్కో. మ్యాచ్ చేసేటప్పుడు పేపర్ మీద ఉన్న తేదీ ఘటన జరిగిన తేదీ కాదని గుర్తుపెట్టుకో, రెండుమూడు రోజులు అటూఇటూ చూడు. గూడేల పేర్లు ఒక్కో విలేకరి ఒక్కోలా రాస్తాడు, ఒకే పేరుతో నాలుగు ఊర్లు కూడా ఉంటాయి, పంచాయతీ పేరు కూడా రాసుకో. దిద్దుబాట్ల కోసం ఆ తర్వాతి వారం పది రోజుల పేజీలు కూడా తిరగెయ్యి.

లెక్కల_మాస్టారు

మ్యాచింగ్ నువ్వొక్కడివే చెయ్యకు శ్రీను. ఇంకో స్నేహితుడితో విడిగా చేయించు, ఇద్దరికీ ఎక్కడ తేడా వచ్చిందో ఆ రోలన్నీ పక్కన పెట్టి మూడోవాడికి చూపించు, మీ ఇద్దరికీ ఎంత శాతం కలిసిందో కూడా రిపోర్ట్‌లో రాయి. యూసీడీపీలో ప్రతి ఘటనకీ తక్కువ, మేలైన అంచనా, ఎక్కువ అని మూడు సంఖ్యలు ఉంటాయి, నువ్వు మధ్యదే వాడి ఉంటావు. మూడిటితోనూ ఘాతం లెక్కించి పక్కపక్కన పెట్టు, అది అయ్యాక ఇక్కడే పోస్ట్ చెయ్యి, చూస్తాను.